ఆ సారీకి అర్థం నాకు తెలుసు

సింగపూర్‌కు కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన మన పిల్లలకు నేను చాలా ఏళ్లుగా ఒక కథ చెబుతూ వచ్చాను. కంపెనీ శిక్షణ తరగతుల్లో ఇంగ్లిషులో చెప్పాను, మన వాళ్ల సమావేశాల్లో తెలుగులో చెప్పాను. అందులో ఒక ఆఫ్రికా రాజధాని, ఒక బ్యాంకు, ఒక ఫోన్ కాల్, ఒక మాట ఉంటాయి. ఆ మాటను నేను తప్పుగా అర్థం చేసుకున్నందువల్ల ఒకామెకు నష్టం జరిగిందనీ, అందుకే పరాయి దేశంలో పనిచేసేవాళ్లు అక్కడి మాటతీరు తెలుసుకోవాలనీ చివర్లో చెబుతాను. అందరూ తలలూపుతారు. ఆ తర్వాత టీ ఇస్తారు.

ఆ కథలో ఒక అబద్ధం ఉంది. నగరం నిజం, బ్యాంకు నిజం, ఫోన్ కాల్ నిజం. తప్పుగా అర్థం చేసుకున్నానన్నది అబద్ధం. మీలో కొందరు ఆ కథ విని, మీ ఆఫీసుల్లో మళ్లీ చెప్పి ఉంటారు కాబట్టి, మొదటి నుంచి సరిగ్గా చెబుతాను.

సాఫ్ట్‌వేర్ తెలిసినవాడికి, తెలిసినట్టు కనిపించేవాడికి కూడా ఉద్యోగం దొరుకుతున్న రోజులవి. సింగపూర్‌లో పాయా లేబర్ అనే పేటలో ఉన్న మా కంపెనీ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ అమ్మేది. నైరోబీలోని ఒక బ్యాంకు దాన్ని కొన్నది. వాళ్ల పాత కంప్యూటర్లలో ఉన్న ఖాతాలన్నీ మా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలి. ఎవరు వెళ్తారని మీటింగులో అడిగినప్పుడు అందరూ తమ తమ కాఫీ కప్పుల్లోకి చూశారు. నా కప్పు అప్పటికే ఖాళీ అయిపోయింది.

మా మేనేజరు సింగపూర్ చైనీయుడు, నాకంటే పదేళ్లు పెద్ద. ప్రతి వాక్యం చివరా ‘లా’ తగిలించేవాడు. “ఆఫ్రికా అంటే ఎండలే లా. నీకు అలవాటే,” అన్నాడు. నేను పల్చటి కాటన్ చొక్కాలు సర్దుకున్నాను. నైరోబీ ఎత్తు మీద ఉన్న ఊరనీ, జూలైలో అక్కడ చలి అనీ మా ఇద్దరికీ తెలియదు. దిగిన రెండో రోజున ఫుట్‌పాత్ మీద పాత బట్టల కుప్పలోంచి ఒక ఉన్ని స్వెట్టర్ కొన్నాను. దాని మీద ఐరోపాలోని ఏదో ఫుట్‌బాల్ జట్టు పేరు కుట్టి ఉంది. ఆ చలికాలమంతా నేను ఆ జట్టు సభ్యుడిగానే బ్యాంకుకు వెళ్లాను.

నేను సింగపూర్ నుంచి వచ్చానంటే అక్కడ ఎవరూ నమ్మలేదు. మా గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ నా మొహం కాసేపు చూసి, “ముహిందీ,” అని తేల్చేశాడు. భారతీయుడని అర్థం. ‘మహిందీ’ అంటే మొక్కజొన్న అట. నాకు ఈ రెండు మాటలూ చివరిదాకా తికమకగానే ఉన్నాయి. రోడ్డు పక్కన కంకులు కాల్చే ఆవిడను ఒక భారతీయుణ్ని కాల్చి ఇవ్వమని ఒకసారి అడిగాను. ఆమె నవ్వకుండా, ఉప్పు కారం నిమ్మకాయ రాయమంటారా అని అడిగింది.

ఆ వాచ్‌మన్ పొద్దున్నే నన్ను పలకరించకుండా గేటు తీసేవాడు కాదు. రాత్రి నిద్ర పట్టిందా, ఇంట్లో వాళ్లు బాగున్నారా, సింగపూర్‌లో వాన పడిందా అన్నీ అడిగాకే గొళ్లెం మీద చెయ్యి వేసేవాడు. బ్యాంకులో కూడా అంతే. పని మాట ఎత్తాలంటే ముందు చేతులు కలపాలి, క్షేమం అడగాలి, చెప్పాలి. సింగపూర్‌లో, టాంపినీస్ పేటలో మా ఎదురింటాయనతో నేను లిఫ్ట్‌లో ఏళ్లకేళ్లు ప్రయాణం చేశాను, ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. అలాంటివాణ్ని కాబట్టి మొదట్లో ఈ పలకరింపుల్ని ఆలస్యం కింద లెక్కేశాను. పని షెడ్యూలులో వాటికి చోటు లేదు.

బ్యాంకు తరఫున ఈ పని చూసే అధికారి ఒకామె. నా ఈడుదే. చిన్న కూతురు ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ నడవడం మొదలయ్యాక దాన్ని చూసుకునే విభాగానికి ఆమెనే అధిపతిని చేస్తామని బ్యాంకు చెప్పింది. దానికి ముందు శిక్షణ కోసం సింగపూర్ రావాలి. ఆమె ఎన్నడూ దేశం దాటలేదు. పాస్‌పోర్టు కొత్తగా తీయించుకుని, దాన్ని హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుని తిరిగేది. అక్కడ ఇంజనీరును ‘ఇంజనీర్’ అనే పిలుస్తారు. నన్నూ అలాగే పిలిచేది.

“ఇంజనీర్, సింగపూర్‌లో బబుల్‌గమ్ నమిలితే జైల్లో పెడతారా?”

“నమిలితే పెట్టరు. అమ్మితే గొడవ.”

“అయితే నేను అమ్మను,” అనేది గంభీరంగా.

మొదటి వారంలోనే బ్యాంకు మెట్ల మీద నా కాలు జారింది. పడలేదు, తూలానంతే. “సారీ,” అంది వెనకనుంచి ఆమె. “సారీ,” అన్నాడు బ్యాంకు వాచ్‌మన్. మెట్లు తుడుస్తున్న ఆవిడ “సారీ, సారీ” అంది. ఎదురుగా దిగుతున్న, నేనెవరో కూడా తెలియని ఒకాయన టోపీ తీసి మరీ “వెరీ సారీ” అన్నాడు.

“మీరంతా ఏం చేశారని?” అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. “మా భాషలో ‘పోలే’ అంటాం. నేను చేశానని కాదు, మీకు ఇలా అయిందే అని. ఇంగ్లిషులో దానికి మాట లేదు, అందుకని సారీ అంటాం.”

మాది కరీంనగర్ వైపు. మా దగ్గర ‘పోలే’ అంటే పోలేదని అర్థమని చెప్పాను. నొప్పి ఉంటే ‘నొప్పి పోలే’ అంటామన్నాను. ఆమె ఆలోచించి, “అయితే రెండూ ఒకటే. మీ నొప్పి ఇంకా పోలే, అందుకే మేం పోలే అంటున్నాం,” అంది. భాషాశాస్త్రంలో ఆ రోజు మేమిద్దరం కలిసి సాధించింది అది.

కంపెనీ మాకు కారు ఇచ్చింది. మటాటూ అనే చిన్న వ్యాన్లు ఎక్కవద్దని రాతపూర్వకంగా ఆదేశమూ ఇచ్చింది. ఒకరోజు కారు రాకపోతే ఆమె నన్ను మటాటూ ఎక్కించింది. లోపల పాటల హోరు, కండక్టరు తలుపు బయట వేలాడుతూ పైకప్పు మీద చరిస్తే బండి ఆగేది, మళ్లీ చరిస్తే కదిలేది. నా ఒళ్లో ఎవరిదో కోడి ఉన్న బుట్ట. చిన్నప్పుడు మా వైపు జీపులు ఇలాగే నడిచేవి. ఆమె మధ్యాహ్నం తినే ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద అచ్చంగా మా నాయనమ్మ చేసిన మక్క గట్క. పక్కన ఆకుకూర వేపుడు. పాలూ టీ ఆకూ కలిపి మరిగించిన టీ మా ఇంటి టీయే. నాకు అక్కడ తెలియని వస్తువులకంటే తెలిసినవే ఎక్కువ కనిపించాయి.

ఈ సంగతి నేను సింగపూర్‌లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరూ నవ్వరు. నేను నవ్వించేవాటినే ఏరి తెచ్చేవాణ్ని.

పని మధ్యలో వారం రోజుల కోసం సింగపూర్ వచ్చినప్పుడల్లా ఆఫీసు దగ్గర హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల చావడిలో నా చుట్టూ జనం చేరేవారు. మేనేజరు తన టిష్యూ ప్యాకెట్ బల్ల మీద పెట్టి చోటు పట్టేవాడు. మా టికెట్లు బుక్ చేసే అంకుల్ కూడా వచ్చి కూర్చునేవాడు. ఆయన తాత కాలంలోనే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. తెలుగు మాట్లాడేవాడు కాని అందులో తమిళం, మలయ్ కలిసి ఉండేవి. తిండిని మలయ్‌లో ‘మకాన్’ అనేవాడు.

“ఏం తంబీ, అక్కడ మకాన్ ఎట్లా? ఊళ్లో సింహాలు తిరుగుతాయంటనే?”

“ఊరి అంచున వాటికి పార్కు ఉంది అంకుల్. ట్రాఫిక్‌కు భయపడి ఊళ్లోకి రావు.”

బల్లంతా నవ్వింది. ఆ ఊపులో మెట్ల సంగతి చెప్పాను. “అక్కడ కాలికి రాయి తగిలితే, రాయి తరఫున ఊరంతా సారీ చెబుతుంది,” అన్నాను. మేనేజరు నూడుల్స్ గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వాడు. “రాయి తరఫునా? ఎందుకు లా?”

“మనం అయ్యో అనమా? అదే. తప్పు ఒప్పుకోవడం కాదు, పాపం అనడం.”

“అయ్యో మాకూ ఉంది లా,” అన్నాడు మేనేజరు. నిజమే, సింగపూర్‌లో చైనీయులు కూడా రోజుకు చాలాసార్లు అయ్యో అంటారు.

ఈ భోజనాల బల్ల సంగతి గుర్తుంచుకోమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. తెలియడమే కాదు, ఉదాహరణతో సహా మేనేజరుకు వివరించాను.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. సాంకేతికంగా ఇందులో గొప్ప విషయమేమీ లేదు. బ్యాంకు పాత కంప్యూటర్లలో ఖాతాదారు పేరు మొత్తం ఒకే వరుసలో ఉండేది. మా సాఫ్ట్‌వేర్‌కు ఇంటిపేరు వేరుగా, పేరు వేరుగా కావాలి. ఆ వరుసను విడగొట్టే నియమం నేను రాశాను. మొదటి మాట ఇంటిపేరు, మిగిలింది పేరు. అలా ఎందుకు రాశానంటే, ఆలోచించకుండా రాశాను. పుట్టినప్పటి నుంచి నా ఇంటిపేరు ముందే ఉంది, మా నాన్నదీ ముందే ఉంది, బడి హాజరుపట్టీలో అందరిదీ ముందే ఉంది. నేను రాసినదాన్ని పరిశీలించాల్సింది మా మేనేజరు. చైనీయులకూ ఇంటిపేరే ముందు. ఆయన చూసి సంతకం పెట్టాడు. ఇంటిపేరు ముందుండే ఇద్దరు మనుషులు కలిసి, ఇంటిపేరు వెనకుండే ఒక దేశానికి పేర్లు పెట్టేశారు.

ఆమె పట్టుకుంది. నైరోబీలో ఆఖరి సమీక్ష మీటింగులో అడిగింది.

“ఇంజనీర్, మొదటి మాట దగ్గర కోస్తున్నారు. మా దగ్గర కుటుంబం పేరు చివర వస్తుంది.”

“తెర మీద రెండూ కలిపే కనిపిస్తాయి. తేడా తెలియదు,” అన్నాను.

“కనిపించడానికి సరే. వెతకడానికి?”

నాకు తొందరగా ఉంది. తర్వాతి అంశం మీదికి వెళ్లాలి. “చూస్తాను,” అన్నాను. ఇంగ్లిషులోనే అన్నాను, కాని అది తెలుగు ‘చూస్తాను’. మీకు తెలుసు, మనం ఆ మాటను ఎప్పుడు వాడతామో. సంబంధం వద్దనుకున్నప్పుడు, అప్పు ఇవ్వదలచుకోనప్పుడు, మీటింగు ముగించాలనుకున్నప్పుడు వాడతాం. వినేవాడికీ తెలుసు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఆమెకు తెలియదు. చూస్తానంటే చూస్తాననే అనుకుంది. తనిఖీ నాడు తెర మీద కొన్ని ఖాతాలు తీసి చూసింది, పేర్లన్నీ వరుసగా సరిగ్గా కనిపించాయి, సంతకం పెట్టింది.

ఖాతాలు మార్చే పని వారాంతంలో అయింది. అంతా సవ్యంగా ఉందని ఆదివారం విమానం ఎక్కేశాను. సోమవారం దిగి, సామాను ఇంట్లో పడేసి, స్నానం చేసి ఆఫీసుకు వెళ్లాను. మెచ్చుకుంటారని వెళ్లాను. ఆ నెలలో నా ప్రమోషన్ కాగితం పైవాళ్ల దగ్గర ఎక్కడో ఉంది.

సింగపూర్‌లో మధ్యాహ్న భోజనాలయ్యే వేళకు నైరోబీలో బ్యాంకులు తెరుస్తారు. కాన్ఫరెన్స్ గదిలో నేను, మేనేజరు, మా ప్రాంతీయ అధిపతి ఉన్నాం. అధిపతి ఆస్ట్రేలియా ఆయన. మా భోజనాల బల్ల దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఫోన్ స్పీకర్‌లో మోగింది.

“ఇంజనీర్, ప్రయాణం బాగా జరిగిందా? ఇంట్లో అందరూ బాగున్నారా?” అంది ఆమె. వెనక జనం అరుపులు వినిపిస్తున్నాయి. బాగున్నారని చెప్పాను. మీ అమ్మాయి ఎలా ఉందని అడిగాను. బాగుందంది. అధిపతి గడియారం చూసుకున్నాడు.

“ఇక్కడ బాగాలేదు,” అంది అప్పుడు. “కౌంటర్ దగ్గర కుటుంబం పేరు చెబుతున్నారు, కొడితే ఎవరూ రావడం లేదు. జాన్ అని కొడితే సగం నగరం వస్తోంది. మిగతా సగం మేరీ అంటే వస్తోంది. వరుస వీధిలోకి వెళ్లిపోయింది. జీతాల రోజు.”

ఆమె మాట పూర్తికాకముందే నాకు తెలిసిపోయింది. “మొదటి మాట,” అన్నాను.

నా గొంతు వినగానే ఆమెకూ తెలిసిపోయింది. ఆమె గొంతు తగ్గింది. మెట్ల మీద నేను తూలినప్పుడు ఎలా అందో అలాగే అంది. “ఓ. సారీ, ఇంజనీర్. సారీ. వెరీ సారీ.”

వీధిలో వరుస తన బ్యాంకుది. అరుపులు తన కౌంటర్లవి. అయినా నన్ను చూసి పాపం అంటోంది.

అధిపతి ఫోన్‌లో మ్యూట్ నొక్కాడు. చిన్న ఎర్రదీపం వెలిగింది. “ఆమె క్షమాపణ చెబుతోంది. అంటే తప్పు వాళ్ల వైపేనా?” అని నన్ను అడిగాడు.

మేనేజరు నా వంక చూశాడు. నేను ఎర్రదీపం వంక చూశాను. ఒక్క వాక్యం సరిపోయేది. భోజనాల బల్ల దగ్గర నవ్వులకోసం చెప్పిన వాక్యమే, నవ్వు తీసేసి చెబితే చాలు.

“ఆమె సారీ అంటోంది,” అన్నాను.

తర్వాత ఎన్నోసార్లు ఆ వాక్యాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత జాగ్రత్తగా నేను ఏ ప్రోగ్రామూ రాయలేదు.

“శాంపిల్ తనిఖీ చేసింది వాళ్లే లా,” అన్నాడు మేనేజరు టేబుల్ వంక చూస్తూ. అదీ నిజమే. అధిపతి తలూపి మ్యూట్ తీశాడు. నేను ఫోన్ దగ్గరికి వంగి, “థాంక్యూ. మేం సరిచేస్తాం,” అన్నాను.

సరిచేశాను. నియమంలో మార్చాల్సింది ఒక్క వరుస. ఆ ఖాతాలన్నీ మళ్లీ నడిపించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు నైరోబీలో ఆ బ్యాంకు సగం తలుపులు మూసుకుని నడిచింది. మా అధిపతి బ్యాంకు పెద్దలకు మర్యాదగా ఒక మెయిల్ రాశాడు. స్థానిక తనిఖీలో లోపం జరిగిందనీ, మీ అధికారి ఫోన్‌లో దాన్ని ఒప్పుకున్నారనీ, అయినా మా బృందం రాత్రింబవళ్లు శ్రమించి సరిదిద్దిందనీ అందులో ఉంది. శ్రమించిన బృందం అంటే నేనే.

ఆ వారం చివర్లో టికెట్ల అంకుల్ నా సీటు దగ్గరికి వచ్చాడు.

“తంబీ, ఆ నైరోబీ అమ్మాయి టికెట్ క్యాన్సిల్ చెయ్యమన్నారు. ఏమైంది?”

“ఏదో సమస్య అంకుల్. ఆమె సారీ చెప్పింది.”

“ఏం తంబీ, అక్కడ అయ్యో అంటే టికెట్ పోతుందా?” అన్నాడు. ఎప్పటిలా పరాచికానికే అన్నాడనుకుంటాను. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వెళ్లి క్యాన్సిల్ చేశాడు.

తర్వాత నైరోబీ నుంచి ఆమె బదులు ఒకతను ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆమె ఏదని అడిగితే బ్రాంచి కౌంటర్‌కు మార్చారని, చాలా దూరం, సరస్సు వైపు ఊరని చెప్పాడు. “అయ్యో,” అన్నాను. తెలుగులోనే అన్నాను. అతనికి అర్థమైనట్టుంది, పర్వాలేదన్నాడు.

నాకు ప్రమోషన్ వచ్చింది. ఆఫ్రికా పనులన్నీ నాకే అప్పగించారు. నైరోబీకి మాత్రం నేను మళ్లీ వెళ్లలేదు, ఎప్పుడూ జూనియర్లను పంపాను. స్వెట్టర్ తీసుకెళ్లమని చెప్పేవాణ్ని. మంచి బాస్ అని నాకు పేరుండేది.

కొన్నేళ్లకు కంపెనీలో శిక్షణ విభాగం వాళ్లు, వేరే దేశాల వాళ్లతో పనిచేసేటప్పుడు వచ్చే అపార్థాల మీద అనుభవాలు చెప్పమని అడిగారు. నేను ఇదే చెప్పాను. చిన్న మార్పు ఒకటి చేశాను. అప్పటికి నాకు ఆ మాట అర్థం తెలియదని అన్నాను. ఆ ఒక్క మార్పుతో నేను చేసింది పొరపాటైంది, పొరపాటు పాఠమైంది, పాఠానికి చప్పట్లు వచ్చాయి. వినేవాళ్లు నవ్వుతారని మెట్ల మీద జారిన సంగతీ, రాయి తరఫున సారీ అన్న ముక్కా ఉంచాను. ఆమె మీటింగులో అడిగిన ప్రశ్న తీసేశాను. దానికి ఎవరూ నవ్వరు.

కిందటి సంవత్సరం నాకు ఉద్యోగం అయిపోయింది. ఈ వయసుకు కంపెనీలు కేకు కోసి పంపించేస్తాయి. ఆ తర్వాత టాంపినీస్‌లో మన వాళ్లు కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో అలవాటు ప్రకారం ఈ కథ చెప్పాను. అయిపోయాక ముందు వరుసలో ఒకమ్మాయి చెయ్యి ఎత్తింది. హైదరాబాదు నుంచి వచ్చి నెల కూడా కాలేదట.

“అంకుల్, చిన్న డౌట్. మెట్లమీద జారింది మొదటి వారంలో అన్నారు కదా?”

“అవును.”

“ఫోన్ వచ్చింది చివర్లో కదా?”

“అవునమ్మా.”

“మరి ఫోన్ వచ్చే టైముకు ఆ మాట మీకు తెలిసే ఉంటది కదా అంకుల్?”

గదిలో కొందరు నవ్వారు. పక్కనున్న కుర్రాడు, “అంకుల్‌ను ఇరికించేసినవ్ కదే,” అన్నాడు. మంచి ప్రశ్న అని మెచ్చుకుని, టీ చల్లారిపోతోందన్నాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి మంచి టెస్టర్ అవుతుంది.

ఆ వారంలోనే హౌగాంగ్ పేటకు వెళ్లి పాత మేనేజరును కలిశాను. ఆయన రిటైరై చాలాకాలమైంది. తన ఫ్లాట్ల బ్లాకు కింద సిమెంటు బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఆమె సారీకి అర్థం నాకు తెలుసని నీకు తెలుసు కదా అని అడిగాను.

“తెలుసు లా.”

“మరి ఎందుకు మాట్లాడలేదు?”

“నువ్వు చెబుతావనుకున్నాను. నీ స్నేహితురాలు కదా. నువ్వు చెబితే నా సంతకం సంగతీ బయటికి వచ్చేది. నువ్వు చెప్పలేదు. నాకు సంతోషమేసింది లా,” అన్నాడు. ఈ విషయంలో నాకు దొరికిన నిజాయితీ గల మాట అదొక్కటే. కాఫీ తాగుతావా అని అడిగాడు. తాగాను.

ఆమెను వెతకడం కష్టం కాలేదు. అప్పట్లో నేను పంపిన జూనియర్లలో ఒకడికి ఆమె ఎక్కడుందో తెలుసు. ఇప్పుడు నైరోబీలోనే ఉపాధ్యాయుల పొదుపు సంఘం ఒకదానిలో కంప్యూటర్ విభాగం నడుపుతోంది. ఫోన్ చేశాను. చెప్పాల్సిన వాక్యం సిద్ధం చేసుకుని చేశాను. కాని ఆమె ముందు నా ఆరోగ్యం, మా ఆవిడ ఆరోగ్యం, పిల్లల చదువులు, సింగపూర్ వానలు అన్నీ అడిగింది. నేనూ అడగాల్సి వచ్చింది. కూతురు డాక్టరు చదువుతోందట. ఆ వాక్యాన్ని నోట్లో పెట్టుకుని అంతసేపు కూర్చున్నాను.

తర్వాత చెప్పాను. మీరు ఎందుకు సారీ అన్నారో నాకు ఆ క్షణంలోనే తెలుసు, తెలిసీ మా వాళ్లకు చెప్పలేదు అన్నాను.

“నాకు తెలుసు,” అంది.

“ఎప్పటి నుంచి?”

“ఆ రోజు నుంచే. ఫోన్‌లో చప్పుడు ఆగిపోయింది. మళ్లీ వచ్చాక మీరు థాంక్యూ అన్నారు. అంతకుముందు మీరెప్పుడూ నాకు థాంక్యూ చెప్పలేదు.”

మీ వాళ్లకైనా నిజం చెప్పకపోయారా అని అడిగాను.

“చెప్పాను. మీటింగులో అడిగానని, మీరు చూస్తానన్నారని చెప్పాను. వాళ్లు మీ మెయిల్ చూపించి, ఫోన్‌లో నువ్వు సారీ అన్నావా లేదా అన్నారు. అన్నానన్నాను. అన్నాను కదా మరి.” కాస్త నవ్వినట్టనిపించింది. “అడిగిన పెద్దమనిషి తుమ్మినవాళ్లందరికీ పోలే చెప్పేవాడు.”

ఆ సరస్సు ఊళ్లో ఎంతకాలం ఉన్నారని అడిగాను. కూతురు బడిలో చేరి చదవడం రాయడం నేర్చుకునేంత కాలమని చెప్పింది. పిల్లను నైరోబీలో అక్క దగ్గర వదిలి వెళ్లిందట. నెలకోసారి బస్సులో వచ్చేదట. “కొన్నాళ్లకు అక్కను అమ్మా అనడం మొదలుపెట్టింది. నన్ను పేరు పెట్టి పిలిచేది. తర్వాత సర్దుకుందిలెండి,” అంది. ఏదో బ్రాంచి వివరం చెబుతున్నట్టే చెప్పింది.

మీ బ్యాంకుకు అంతా రాసి పంపుతాను అన్నాను. ఆ బ్యాంకు ఇప్పుడు లేదని, వేరే బ్యాంకులో కలిసిపోయిందని, అప్పటి పెద్దలు కూడా ఎవరూ లేరని చెప్పింది. అయితే నేనేం చేయాలో చెప్పండి అన్నాను.

“ఈ సంగతి మీరు ఎవరికైనా చెప్పారా?” అంది.

లేదనవచ్చు. నా నోటివెంట మళ్లీ ఇంకో జాగ్రత్తైన వాక్యం రాబోయింది. ఆపుకున్నాను. శిక్షణ తరగతుల్లో చెప్పేవాణ్నని ఒప్పుకున్నాను.

“ఆ కథలో నేను ఏం చేస్తాను?”

“సారీ చెబుతారు.”

“అంతేనా? మీటింగులో అడగనా?”

“అడగరు.”

“మీరు చూస్తాననరా?”

“అనను.”

వెనక ఎవరో ఆమెను పిలిచారు. వస్తున్నానని చెప్పింది. తర్వాత నన్ను అడిగింది. “ఎంతమందికి చెప్పారు?”

లెక్క లేదు, చాలా బ్యాచులకు చెప్పానన్నాను. వాళ్లు ఇప్పుడు ఏ దేశాల్లో ఉన్నారో కూడా తెలియదన్నాను. వాళ్లలో కొందరు ఇంకెందరికో చెప్పి ఉంటారని కూడా అన్నాను.

వెనకనుంచి మళ్లీ ఎవరో ఆమెను పిలిచారు.

“అయితే మీకు చాలా పని ఉంది, ఇంజనీర్,” అంది. మీటింగుకు టైమైందని చెప్పి ఫోన్ పెట్టేసింది.